ఒక కొవ్వొత్తి ఎక్కువ

ఈస్టర్ తెల్లారుజామున సమాధుల తోటకు బయలుదేరే ముందు మా జేజి, అంటే మా నాయన తల్లి, కొవ్వొత్తులు లెక్కపెట్టి కొంగులో మూట కట్టుకునేది. నేను చూసే నాటికి మా ఇంటోళ్ల సమాధులు ఏడు. కొవ్వొత్తులు మాత్రం ఎనిమిది.

ముందురోజు శనివారమే మా నాయన, చిన్నాయన పోయి ముళ్లచెట్లు కొట్టేసి, మట్టి ఎగదోసి, సున్నం కొట్టి వచ్చేవాళ్లు. తెల్లారి నాలుగు గంటలకు గుడి గంట కొడితే ఊరి క్రైస్తవులంతా పాటలు పాడుకుంటూ పోయేవాళ్లం. చీకట్లో ఒక్కొక్క సమాధి మీద ఒక్కొక్క దీపం లేస్తుంటే ఎంత బాగుండేదో. పిల్లకాయలకు అది పండగే, భయం ఉండేది కాదు. కొవ్వొత్తి కారిన మైనం ఉండలు చేసి ఆడుకునేవాళ్లం.

ఏడు పెట్టినాక జేజి పక్కనున్న కానుగ చెట్టు మొదట్లోకి పోయి, ఉత్త నేల మీద ఎనిమిదోది వెలిగించేది. అక్కడ దిబ్బ లేదు, రాయి లేదు. ఒకసారి అడిగినాను.

"ఇది ఎవరికి జేజీ?"

"మీ మిల్ట్రీ జేజినాయనకు."

"ఆయన ఈడ లేడు గదా?"

"లేడు గాబట్టే పెట్టేది."

మిల్ట్రీ జేజినాయన అంటే మా జేజినాయనకు తమ్ముడు. పోయేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఇరవై మూడేళ్లోడు జేజినాయన ఏందమ్మా అని ఈమధ్య నా కొడుకు నవ్వాడు. వరస అట్లాంటిది, ఏం చేస్తాం. ఆయన పేరు ఇక్కడ రాయను. మా పెద్దత్తకు ఇష్టం లేదు.

మాది కడప జిల్లా, కొండాపురం మండలంలో పెన్న ఒడ్డు ఊరు. జేజి కాపురానికి వచ్చేసరికి ఈ మరిదికి ఆరేళ్లు. తల్లి ఉన్నా పిల్లోడు వదిన చంకనే పట్టుకుని తిరిగినాడట. మిషన్ బడిలో ఐదో ఆరో చదివి, జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా కుదిరినాడు. కట్టు కట్టడం, ఎనిమా ఇవ్వడం, రోగుల్ని మోయడం అక్కడే నేర్చుకున్నాడు. 1942లో సైన్యానికి మనుషులు కావాలని ఊరూరా తిరుగుతున్నప్పుడు, ఆసుపత్రి పని తెలిసినవాళ్లకు వేరే పిలుపు ఉండేదట. ఇంట్లో చెప్పకుండా పోయి పేరిచ్చి వచ్చినాడు. ఆ ఏప్రిల్‌లోనే జపానోళ్లు దిగుతారని మద్రాసులో జనం మూటాముల్లె కట్టుకుని పైఊళ్లకు రైళ్లెక్కుతుంటే, మావాడు ఎదురు రైలెక్కినాడని మా నాయన చెప్పేవాడు.

ఒకసారి ఒక పెద్దమనిషి నన్ను అడిగినాడు, గాంధీ గారు క్విట్ ఇండియా అంటుంటే మీవాడు తెల్లోళ్ల సైన్యంలో చేరినాడా అని. చేరినాడు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి అట్లా చేరినవాళ్లు 25 లక్షల మంది. అందరికీ తలా ఒక కారణం ఉంటుంది. మావాడికున్న కారణం వానల్లేని దత్తమండలం, నెలనెలా వచ్చే జీతం. అంతకంటే గొప్పది ఏదో ఉందని నేను ఇప్పుడు కల్పించలేను.

ఇంట్లో ఆయన ఉద్యోగాన్ని 'ఆస్పత్రి కోరు' అనేవాళ్లు. అప్పట్లో దాని పేరు ఇండియన్ హాస్పిటల్ కోర్. 1943 ఏప్రిల్‌లో దాన్నీ, మిగతా వైద్య విభాగాలనూ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ చేశారు. మావాడి హోదా నర్సింగ్ సిపాయి. తుపాకీ కాల్చేవాడు కాదు, స్ట్రెచర్ మోసేవాడు.

1944లో ఒక్కసారి సెలవు మీద వచ్చినాడు. దాన్ని కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది మా పెద్దత్త ఒక్కతే. అప్పుడామెకు నాలుగేళ్లు. ఆమెకు ముఖం గుర్తులేదు, మాట గుర్తులేదు, రంగు గుర్తుంది. "పచ్చగుండె. పసుపు పూసుకున్నట్టు. కండ్లు, అరచేతులు అంతా పచ్చనే." ఇంట్లో పచ్చకామెర్లు అనుకున్నారు. జేజి నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి, మూడు రోజులు గొంతులో పోసింది. మావాడు నవ్వుతూ తాగినాడట, "కామెర్లు కాదు వదినా, మాత్రలు" అని చెప్పినా ఎవరూ వినలేదట.

నిజంగా మాత్రలే. బర్మా వైపు సైన్యంలో మలేరియాకు రోజూ మెపాక్రిన్ మింగించేవాళ్లు, నాగా వేయనిచ్చేవాళ్లు కాదు. అది మింగితే ఒళ్లు పచ్చబడుతుంది. అక్కడ తుపాకీ గుండ్ల కంటే దోమలు, జ్వరాలు, విరేచనాలు ఎక్కువ మందిని పడగొట్టాయి. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్కరికి, రోగమొచ్చి వెనక్కి వచ్చినవాళ్లు 120 మంది అని ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్మే రాసుకున్నాడు. ఇవన్నీ నేను మొన్న మొన్న చదివి తెలుసుకున్నవి. పెద్దత్తకు చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే మా యమ్మ ఉత్తపుణ్యానికి తాపింది ఆ పసరు" అనింది.

1945లో తంతి వచ్చింది. ఊళ్లో ఇంగ్లీషు ముక్క తెలిసింది మా గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి గారికి ఒక్కరికే. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, చనిపోయినాడని మాత్రం చెప్పగలిగినాడు. యాడ అని జేజినాయన అడిగితే, "బర్మాలోనే అయ్యుంటాది" అన్నాడట. ఆ 'అయ్యుంటాది' మా ఇంట్లో డెబ్బై అయిదేళ్లు నిజమై కూర్చుంది. బర్మా అంటే సముద్రం అవతల. ఇంకెవరు పోతారు, ఎట్లా పోతారు? జేజినాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. జేజి కొవ్వొత్తి ఎత్తింది.

జేజి 1991లో పోయింది. ఆ తర్వాత ఎనిమిదో కొవ్వొత్తి మా అమ్మ పెట్టేది, అమ్మ తర్వాత మా వదిన. సమాధులు పెరిగి పన్నెండు అయినా, కానుగ చెట్టు కింద ఒకటి ఎక్కువ పడుతూనే ఉండేది. మా వదినకు అది ఎవరికో కూడా సరిగ్గా తెలీదు. అత్త పెట్టేది, నేనూ పెడతా, అంతే.

తర్వాత కథ మా జిల్లాలో చాలామందికి తెలిసిందే. గండికోట ప్రాజెక్టు కింద మా ఊరు ముంపులో పోయింది. రిజర్వాయరు పూర్తిగా నిండితే 26.85 టీఎంసీలు. ఏండ్ల తరబడి పోతుంది పోతుంది అంటుంటే పోదులే అనుకున్నవాళ్లమే అందరం. 2020లో నీళ్లు నిజంగానే వచ్చినాయి. నష్టపరిహారం, ప్యాకేజీలు, ఎవరికి ఎంత వచ్చింది అన్న గొడవ ఇక్కడ వద్దు, అది మొదలుపెడితే తెల్లారిపోతుంది. నా బాధ వేరు. ఇంటి తలుపులు, దూలాలు, రేకులు పీక్కుని ట్రాక్టర్లలో వేసుకుని పోగలిగినాం. సమాధుల్ని ఏం చేస్తాం? ఆ ఏడు ఈస్టర్‌కు లాక్‌డౌన్, గడప దాటేది లేదు. అంటే మేము చివరిసారి దీపాలు పెట్టింది 2019లో. అదే చివరిదని తెలిసుంటే ఇంకాసేపు కూర్చునేవాళ్లం. ఎండ రాకముందే లేచి, ఇడ్లీలు చల్లారిపోతాయని ఇంటికి పరిగెత్తినాం.

కాలనీలో కొత్త ఇంట్లోకి దిగినాక, మా అన్న జేజి ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పరిచిన న్యూస్‌పేపర్ కింద ఒక మనియార్డరు కూపన్ దొరికింది. పంపినవాడి వివరాల దగ్గర నీలం సిరాతో ఒక నంబరు, పక్కన ఆస్పత్రి కోరు పేరు పొట్టి అక్షరాల్లో. పది రూపాయలు. వెనకవైపు తెలుగులో మూడే మాటలు: 'వదినకు చీర తీయండి.' ఆ చీర తీసినారో లేదో చెప్పేవాళ్లు లేరు.

అన్న ఆ కూపన్‌ను ఫోన్లో ఫోటో తీసి బెంగుళూరులో ఉండే నా కొడుక్కి పంపినాడు. వాడు వారం రోజులు రాత్రిళ్లు కూర్చున్నాడు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని ఒకటుంది, 1917 నుంచీ ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది పేర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి, ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. వెతకడమే మనకు కష్టం. మనవాళ్లకు ఇంటిపేరు, సొంత పేరు అని విడివిడిగా ఉండవు వాళ్ల లెక్కలో, మొత్తం పేరు ఒకే గడిలో కుక్కేసి ఉంటారు. మావాడి పేరు రెండు ముక్కలు కలిసిపోయి, మధ్యలో ఒక హెచ్ చేరి, చివర 'య్య' ఎగిరిపోయింది. కడప కూడా పాత స్పెల్లింగులో, రెండు డీలతో, చివర హెచ్‌తో ఉంటుంది. ఊరి పేరైతే నోరు తిరగనివాడెవడో రాసినట్టుంది. చివరికి పట్టిచ్చింది కూపన్ మీది నంబరే.

రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేసినాడు. "అమ్మా, బర్మా కాదు."

"మరి?"

"మద్రాసు."

నాకు అర్థం కాలేదు. వాడు కాగితం చదివినాడు. రోగంతో వెనక్కి పంపినట్టున్నారు, దక్షిణాదిలోనే ఒక మిలిటరీ ఆసుపత్రిలో పోయినాడు, అక్కడి కంటోన్మెంటు శ్మశానంలో పెట్టినారు. ఇట్లా దక్షిణాన, తూర్పున చిన్నాచితకా శ్మశానాల్లో ఉన్న యుద్ధ సమాధుల్ని కలకాలం చూసుకోవడం కుదరదని, 1952లో మద్రాసు నందంబాక్కంలో ఒక చోటు కట్టి అక్కడికి చేర్చినారు. మావాణ్ణీ చేర్చినారు.

నందంబాక్కం నాకు తెలుసు. 2008లో మా ఆయనకు కిడ్నీల వైద్యానికి పోరూరు పక్క ఒక ఆసుపత్రిలో మూడు నెలలున్నాం. మౌంట్–పూందమల్లి రోడ్డులో సిటీబస్సు కిటికీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు తిరిగినానో. ఒక చోట రోడ్డు పక్కన ప్రహరీ, లోపల పచ్చగడ్డి, చెట్లు కనపడేవి. మిలిటరీవాళ్ల పార్కు అనుకున్నాను. ఒకరోజు ట్రాఫిక్‌లో బస్సు సరిగ్గా దాని ముందే పావుగంట నిలబడింది. నేను జామకాయ కోసుకుని తిన్నాను, ఉప్పూకారం వేసుకుని. అదొక్కటే గుర్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జేజికి ఒక్క రైలు. కొండాపురంలో ఎక్కితే మద్రాసులో దిగడమే.

కాగితంలో ఇంకో సంగతి ఉంది. ఫలానా తండ్రికి, ఫలానా తల్లికి కొడుకు, ఫలానా ఊరు అని రాసి ఉంది. తండ్రి పేరు మాకు తెలుసు. తల్లి పేరు దగ్గర నా కొడుకు ఆగి, ఈమె ఎవరమ్మా అన్నాడు. మాలో ఒక్కరికీ ఆ పేరు తెలీదు. జేజికి ఆమె 'అత్త', అత్తను పేరు పెట్టి పిలిచే కోడలు యాడుంటాది? మా నాయనకు, పెద్దత్తకు ఆమె 'జేజి'. ఊరికి 'మిల్ట్రీవాని తల్లి'. సమాధి మీద రాళ్లు పేర్చి సున్నం కొట్టడమే గానీ పేరు చెక్కించింది లేదు. ఇంటి ముసలామె పేరు ఇంట్లో లేదు. కొడుకు యుద్ధానికి పోయి చచ్చిపోయినందుకు ఏదో ఇంగ్లీషు కాగితంలో ఉండిపోయింది.

2023లో, ఈస్టర్ అయినాక, ఎర్రగుంట్లలో రాత్రి రైలెక్కి పోయినాం. నేను, అన్న, వదిన, ఎనభై మూడేళ్ల పెద్దత్త. వద్దంటే వినలేదు. ఒక కవర్లో జమ్మలమడుగు దగ్గర తీసిన పెన్న ఇసుక, ఇంకో కవర్లో చెనిక్కాయ ఉంటలు, ఆయనకు ఇష్టమని జేజి చెప్పేదట. నేను బంతిపూలు కట్టించినాను. కొవ్వొత్తి వదిన దగ్గరుంది.

లోపలికి పోతే రోడ్డు చప్పుడు అక్కడే ఆగిపోయినట్టుంది. కత్తిరించిన గడ్డి, వరసలు వరసలుగా తెల్లటి రాళ్లు, ఒక్కొక్క రాయి మొదట్లో పూలమొక్కలు, మధ్యలో పెద్ద సిలువ. రెండో యుద్ధంలో పోయినవాళ్లు 850కి పైగా ఉన్నారక్కడ. మొదటి యుద్ధంలో పోయి ఎక్కడెక్కడో ఉండిపోయిన వెయ్యి మందికి పైగా పేర్లు విడిగా చెక్కినారు. మేజరుకైనా సిపాయికైనా రాయి ఒకటే కొలత. దానికి సంతోషపడినాను గానీ, ఈ సమానం అన్నిచోట్లా జరగలేదు. మొదటి యుద్ధం నాటి ఆసియా, ఆఫ్రికా సిపాయిలు వేలమందికి పేరూ రాయీ దక్కలేదని ఆ కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. మావాడు ఆ లెక్కన అదృష్టవంతుడే అనుకోవాల.

వరస నంబరు పట్టుకుని తోటమాలి తీసుకుపోయినాడు. అన్నకు తమిళం రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరూ గట్టిగా మాట్లాడితే అర్థమవుతుందన్నట్టు అరుచుకున్నారు. రాయి ముందు నిలబడినాక అందరూ గమ్మునైపోయినారు.

పైన కోరు గుర్తు, కింద నంబరు. కూపన్‌లో ఉన్నదే. హోదా, పేరు, తేదీ, వయసు, సిలువ. పెద్దత్తకు చదువు రాదు. ఆమె గడ్డి మీద కూలబడి, "ఏది పేరు?" అని అడిగి, నా వేలు పట్టుకుని ఆ చోటికి పెట్టించుకుంది. తర్వాత ఇసుక కవరు విప్పి, తడి చేసి, గుప్పెడు తీసి ఆ అక్షరాల మీద అరచేత్తో రుద్దింది. నేను వద్దనబోయినాను, తోటమాలి ఏమంటాడో అని. ఆయన చేయి అడ్డంపెట్టి నన్నే ఆపినాడు. పైఇసుక రాలిపోయి, చెక్కిన గాట్లలో మాత్రం నిలిచింది. తెల్ల రాయి మీద పేరు గోధుమరంగులో లేచింది. అంతవరకు ఎండకు మెరిసి ఫోటోలో పడనిది, అప్పుడు పడింది.

రాయి అడుగున ఇంట్లోవాళ్లు రాయించుకునే మాటకు చోటుంటుంది. చుట్టూ ఇంగ్లీషువాళ్ల రాళ్ల మీద తల్లులు, భార్యలు రాయించిన మాటలున్నాయి. మాదాని మీద ఖాళీ. అన్న అది చూపించి, "మనల్ని అడిగింటే ఏం రాయించేవాళ్లమో" అన్నాడు.

"ఏముంది," అనింది పెద్దత్త. "'పచ్చగుండావు, మందు తాగు' అని రాయించుండేది మా యమ్మ."

గాలికి కొవ్వొత్తి నాలుగుసార్లు ఆరిపోయింది. ఐదోసారి వదిన తన చెప్పుల్ని నిలబెట్టి అడ్డం పెట్టబోతే, పెద్దత్త తిట్టి, తన టవల్ పట్టుకుంది. చెనిక్కాయ ఉంటలు ఒకటి రాయి దగ్గర పెట్టి, తక్కినవి తోటమాలికి ఇచ్చినాం. గోడ గూట్లో ఉన్న పుస్తకంలో అందరం సంతకాలు చేసినాం. పెద్దత్త వేలిముద్రకు స్టాంప్ ప్యాడ్ లేక, పెన్ను గీకి సిరా పూసుకుంది.

వచ్చినాక అన్నకు ఒక ఆలోచన వచ్చింది. కాలనీ పక్కన కొత్తగా ఇచ్చిన సమాధుల స్థలంలో ఒక కడప బండ నిలబెట్టి, దాని మీద మిల్ట్రీ జేజినాయన పేరు చెక్కిద్దామని. పెద్దత్త ఒప్పుకోలేదు. "వానికేం, వాని సమాధికి రోజూ నీళ్లు పోసే మనిషుండాడు. నీళ్లలో మునిగినోళ్లవి చెక్కించండి."

ఎర్రగుంట్ల నుంచి ఆరడుగుల బండ తెప్పించినాం. పన్నెండు పేర్లు. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని బేరమాడి కూర్చున్నాడు. మొదటి పేరు మిల్ట్రీవాని తల్లిది. ఇంగ్లీషు కాగితంలో ఉన్నది చూసి అన్న తెలుగులో రాసిచ్చినాడు. చెక్కేవాడు సుద్దతో గీసి ఆగినాడు. మొదటి అక్షరానికి దీర్ఘం ఉందా లేదా అని అడిగినాడు. ఇంగ్లీషులో రెండూ ఒకటే, ఏదని చెప్తాం? అన్న నా వైపు చూసినాడు, నేను పెద్దత్త వైపు చూసినాను. ఆ పేరును నోటితో పలకగా విన్నవాళ్లు భూమి మీద ఒక్కరు లేరు.

పెద్దత్త రెండుమూడుసార్లు లోపల్లోపల అనుకుని చూసుకుంది. "దీర్ఘమే పెట్టు" అనింది. "పిలిస్తే దూరంగా వినపడాల."